ఫోకాస్ చక్రవర్తి (602–610): ఒక సింహాసనం, ఇద్దరు కాపరులు

సంఘ చరిత్ర పుస్తకాల్లో ఫోకాస్ పేరు సాధారణంగా ఒక్క వాక్యంతో ముగిసిపోతుంది. క్రీ.శ. 607లో రోము సంఘాన్ని సకల సంఘాలకు శిరస్సుగా గుర్తించిన తూర్పు రోమా చక్రవర్తి ఇతడని చెప్పి, పుస్తకం తరువాతి విషయానికి వెళ్ళిపోతుంది. పాత ప్రవచన వ్యాఖ్యానాలు చదివినవారికి ఈ పేరు మరొక విధంగా పరిచయమై ఉంటుంది. 18, 19 శతాబ్దాల ప్రొటెస్టంట్ వ్యాఖ్యాతలు చాలామంది 606ను పోపు అధికారానికి ఆరంభ సంవత్సరంగా తీసుకొని, దానికి ప్రకటన గ్రంథంలోని 1260 దినాలను సంవత్సరాలుగా కలిపి, 1866లో ఆ అధికారం కూలిపోతుందని లెక్క కట్టారు. 1866 వచ్చింది, వెళ్ళింది. ఆ లెక్కకు ఆధారమైన శాసనం సంగతి ఈ వ్యాసం చివరి భాగంలో చూద్దాం.

ఇక్కడ నేను ప్రధానంగా పరిశీలించదలచింది వేరు. యజమానిని చంపి సింహాసనమెక్కిన ఒక సైనికుడు ఎనిమిదేళ్ళు రాజ్యమేలాడు. ఆ రోజుల్లో క్రైస్తవ లోకంలో రెండు గొప్ప పీఠాలపై ఇద్దరు కాపరులు ఉన్నారు. రోములో గ్రెగొరీ, కాన్‌స్టాంటినోపుల్‌లో కిరియాకస్. మొదటివాడు సంఘ చరిత్రలో ‘మహా’ అనే బిరుదు పొందినవాడు. కాపరి ఎలా ఉండాలో, ఎప్పుడు మాట్లాడాలో, ఎప్పుడు మౌనంగా ఉండాలో బోధించే ‘కాపరి ధర్మం’ అనే గ్రంథాన్ని వ్రాసినవాడు. రెండవవాని పేరు మన విద్యార్థుల్లో బహుశా పదిమందికి కూడా తెలియదు. ఈ ఇద్దరూ ఫోకాస్ ఎదుట ఎలా నిలిచారు?

మౌరీస్ పతనం

ఫోకాస్‌కు ముందు పాలించిన మౌరీస్ (582–602) చెడ్డ చక్రవర్తి కాడు. కప్పదొకియ ప్రాంతంలోని అరబిస్సస్ పట్టణంవాడు. వ్రాతపని చేసే లేఖకునిగా మొదలై, సేనాధిపతియై, చివరకు చక్రవర్తి అయ్యాడు. 591లో పారసీక రాజు ఖుస్రూకు పోయిన సింహాసనాన్ని తిరిగి ఇప్పించి, ఎంతోకాలంగా సాగుతున్న యుద్ధాన్ని ముగించాడు. అయితే అతనికి ముందున్న తిబెరియస్ ధారాళంగా పంచిపెట్టి వెళ్ళినందువల్ల ఖజానా ఖాళీగా చేతికి వచ్చింది. పొదుపు చేయక తప్పలేదు. ఆ పొదుపు సైనికుల పళ్ళెం దగ్గరే మొదలైంది. 588లో సైనికుల వేతనంలో నాలుగవ వంతు కోత పెట్టినప్పుడు తూర్పు సైన్యం తిరగబడింది. ఆ తరువాత కొన్నేళ్ళకు అవారుల ఖగాను చేతిలో 12,000 మంది సైనికులు బందీలైనప్పుడు విడుదల మూల్యం చెల్లించడానికి మౌరీస్ ఒప్పుకోలేదు. ఖగాను వారినందరినీ చంపించాడు. ఆ సంఘటనను ప్రజలు మరచిపోలేదు. మౌరీస్ మనస్సాక్షి కూడా మరచిపోయినట్లు లేదు. తన పాపానికి శిక్ష రాబోవు లోకంలో కాక ఈ లోకంలోనే కలిగేలా ప్రార్థించమని అతడు సంఘాలకూ మఠాలకూ వర్తమానం పంపాడని 9వ శతాబ్దపు చరిత్రకారుడు థియోఫనేస్ వ్రాశాడు.

602లో రాజధానిలో కరువు. ఒక పండుగ ఊరేగింపులో చక్రవర్తి మీదనే జనం రాళ్ళు రువ్వారు. ఆ సంవత్సరం చివరిలో, చలికాలమంతా దాన్యూబు నదికి అవతల శత్రు భూమిలోనే గడపాలనీ, అక్కడ దొరికినదే తినాలనీ సైన్యానికి ఆజ్ఞ వచ్చింది. సైనికులు తిరగబడ్డారు. ఫోకాస్ అనే ఒక శతాధిపతిని డాలు మీద ఎత్తి తమ నాయకునిగా చేసికొన్నారు. అంతకు ముందు సైన్యం పక్షాన ఫిర్యాదు చెప్పడానికి రాజధానికి వెళ్ళినవారిలో ఇతడూ ఉన్నాడనీ, అక్కడ రాజసభలో అవమానం పొందాడనీ చెబుతారు.

కాన్‌స్టాంటినోపుల్‌లో అప్పట్లో రథపు పందేల జట్లే రాజకీయ పక్షాలు. పచ్చ జట్టు, నీలి జట్టు అని రెండు. సైన్యం నగరాన్ని సమీపించగానే పచ్చ జట్టువారు మౌరీస్‌ను విడిచిపెట్టారు. మౌరీస్ కుమారుడు థియోదోసియస్‌కు మామగారైన జెర్మానస్ సింహాసనాన్ని ఆశించాడు గాని, అతడు నీలివారి పక్షపాతి అని పచ్చవారు ఒప్పుకోలేదు. అలా దాదాపు ఎవరూ ఎరుగని ఒక శతాధిపతికి దారి తెరుచుకొంది. మౌరీస్ కుటుంబంతో పడవ ఎక్కి పారిపోయాడు. దారిలో తుఫాను, దానికి తోడు కీళ్ళవాతం. ముందుకు సాగలేక ఒక దేవాలయంలో ఆశ్రయం తీసికొన్నాడు. నవంబరు 23న ఫోకాస్ పట్టాభిషేకం జరిగింది. నగరానికి వెలుపల హెబ్దొమోన్ అనే చోట, బాప్తిస్మమిచ్చు యోహాను పేరిట ఉన్న దేవాలయంలో, పాత్రియార్కు కిరియాకస్ చేతుల మీదుగా.

ఈ పట్టాభిషేకానికి ముందు కిరియాకస్ ఒక షరతు పెట్టాడు. ఫోకాస్ సత్య విశ్వాసాన్ని ఒప్పుకోవాలి, సంఘాన్ని కలవరపెట్టనని మాట ఇవ్వాలి. ఫోకాస్ ఇచ్చాడు. విశ్వాస ప్రమాణాన్ని గూర్చి అడిగిన పాత్రియార్కు మౌరీస్ ప్రాణాన్ని గూర్చి అడిగినట్లు ఎక్కడా లేదు. సింహాసనం మీద కూర్చోబోయేవాని నోటినుండి మతం గూర్చి సరైన మాట వస్తే చాలు, అతని చేతుల్లో ఏముందో చూడనక్కరలేదనే అలవాటు సంఘంలో చాలా పాతదే. అయితే ఒకటి గమనించాలి. ఆనాటికి రక్తం ఇంకా చిందలేదు.

నాలుగు రోజుల్లోనే చిందింది. నవంబరు 25న ఫోకాస్ నగరంలో ప్రవేశించాడు. రాణి లెయొన్తియ పట్టాభిషేకపు ఊరేగింపులో జట్ల నిలుచునే స్థలాల విషయమై తగవు వచ్చింది. కోపించిన నీలివారు, మౌరీస్ ఇంకా చావలేదని గుర్తుంచుకొమ్మని కేకలు వేశారు. ఫోకాస్‌కు ఆ మాట చాలు. నవంబరు 27న కల్కెదోను రేవులో మౌరీస్ కళ్ళ ఎదుట అతని ఐదుగురు కుమారులను ఒకరి తరువాత ఒకరిని నరికారు. ఆ సమయంలో మౌరీస్ 119వ కీర్తన 137వ వచనాన్ని, దేవుని తీర్పుల న్యాయాన్ని ఒప్పుకొనే ఆ మాటలను పలుకుతూనే ఉన్నాడని థియోఫిలాక్ట్ సిమొకట్టా వ్రాశాడు. ఒక దాది తన సొంత బిడ్డను ముందుకు పెట్టి రాజు బిడ్డను దాచబోతే, మౌరీసే ఆ సంగతి బయటపెట్టి అడ్డుకొన్నాడట. చివరకు అతని వంతు వచ్చింది. పెద్ద కుమారుడు థియోదోసియస్ సహాయం కోరి పారసీకానికి బయలుదేరి మధ్యలోనే వెనుకకు పిలువబడి, తరువాత పట్టుబడి చంపబడ్డాడు.

థియోఫిలాక్ట్ ఈ చరిత్రను ఫోకాస్‌ను కూలద్రోసిన హెరాక్లియస్ కాలంలో వ్రాశాడని విద్యార్థులు గుర్తుంచుకోవాలి. మనకు మిగిలిన ప్రధాన ఆధారాలన్నీ ఫోకాస్ శత్రువుల నీడలో పుట్టినవే. అందుకే డేవిడ్ ఓల్‌స్టర్ 1993లో ప్రచురించిన గ్రంథంలో ఈ పాలనను తిరిగి పరిశీలించి, ఫోకాస్‌పై మోపిన నిందల్లో కొన్ని తరువాతివారి ప్రచారమని వాదించాడు. అది కొంతవరకు న్యాయమే. దాది కథ వంటివి అలంకారాలు కావచ్చు. కాని మౌరీస్, అతని కుమారులు వధించబడ్డారన్నది అలంకారం కాదు. దానిని ఎవరూ కాదనలేదు. కాన్‌స్టాంటినోపుల్ రాజధానియైన 330 నుండి అప్పటివరకు అక్కడ ఏలుతున్న చక్రవర్తిని దించి, చంపి, అతని స్థానంలో స్థిరపడినవాడు లేడు. 475లో బసిలిస్కస్ జీనోను తరిమి సింహాసనమెక్కినా, మరుసటి సంవత్సరమే జీనో తిరిగి వచ్చాడు.

రోము నుండి వెళ్ళిన లేఖ

603 ఏప్రిల్ 25న ఫోకాస్, లెయొన్తియల చిత్రపటాలు రోముకు చేరాయి. అది ఆనాటి పద్ధతి. కొత్త చక్రవర్తి పటాన్ని అంగీకరించడమంటే అతని అధికారాన్ని అంగీకరించడమే. లాతెరాన్‌లో రోము గురువులూ పెద్దలూ కూడి జయధ్వనులు చేశారు. తరువాత గ్రెగొరీ ఆజ్ఞపై ఆ పటాలను రాజభవనంలోని ఒక ప్రార్థనాలయంలో ఉంచారు. మే నెలలో గ్రెగొరీ ఫోకాస్‌కు లేఖ వ్రాశాడు.

ఆ లేఖ దేవదూతల స్తోత్రంతో, అంటే బేత్లెహేము పొలాల్లో వినబడిన ఆ మాటలతో మొదలవుతుంది. కాలాలను మార్చేవాడు, రాజ్యాలను ఒకరినుండి మరొకరికి ఇచ్చేవాడు దేవుడే అంటూ దానియేలు గ్రంథాన్ని ప్రస్తావిస్తుంది. అనేకుల పాపాలను శిక్షించడానికి దేవుడు ఒక్కోసారి కఠినుడైన పాలకుని లేపుతాడు, దుఃఖితులను ఓదార్చడానికి ఒక్కోసారి కనికరం గలవానిని లేపుతాడు అంటుంది. ఫోకాస్ ఈ రెండవ కోవలోవాడు! పరలోకమూ భూమీ ఆనందించాలట. లెయొన్తియ రాణికి వ్రాసిన మరొక లేఖలో, ఎంతోకాలంగా తమ మెడలపై ఉన్న భారం తొలగిందని కృతజ్ఞతలు చెప్పి, పూర్వపు పుల్కెరియ రాణితో ఆమెను పోల్చాడు. రెండు లేఖల్లోనూ మౌరీస్ మరణం గురించి ఒక్క మాట లేదు.

ఈ మౌనం ఎందుకు మనసును కలచివేస్తుందంటే, మౌరీస్ గ్రెగొరీకి దూరపు మనిషి కాడు. గ్రెగొరీ పోపు కాకముందు సుమారు 579 నుండి 585 వరకు రోము సంఘపు ప్రతినిధిగా కాన్‌స్టాంటినోపుల్‌లో నివసించాడు. మౌరీస్ పెద్ద కుమారుడు థియోదోసియస్ బాప్తిస్మం పొందినప్పుడు అతనికి జ్ఞానతండ్రిగా నిలిచింది గ్రెగొరీయే. ఆ జ్ఞానపుత్రుడే ఫోకాస్ మనుషుల చేతిలో చనిపోయాడు. గ్రెగొరీ వ్రాసిన ‘కాపరి ధర్మం’ గ్రంథాన్ని గ్రీకులోకి అనువదింపజేసింది కూడా మౌరీసే. అంతియొకయ పాత్రియార్కు అనస్తాసియస్ చక్రవర్తి ఆజ్ఞపై ఆ పని చేశాడు.

గ్రెగొరీకి ఫోకాస్ చేసినదంతా తెలుసా? మేధావులు దీనిపై ఏకాభిప్రాయానికి రాలేదు. వార్తలు ఓడల మీద వచ్చే కాలం. వచ్చినవారు రాజు పంపినవారే. వివరాలన్నీ తెలిసి ఉండకపోవచ్చు. అయినా ఐదు నెలలకు పైగా గడచిన తరువాత, పాత చక్రవర్తి ఏమయ్యాడన్న ప్రశ్న రోము బిషప్పు మనసులో రాలేదనుకోవడం నాకు కష్టంగా ఉంది. తెలియకపోతే అడగవచ్చు. అడగలేకపోతే స్తోత్రం చేయకుండా ఉండవచ్చు.

అయితే గ్రెగొరీని తేలికగా తీసిపారేయడం కూడా అన్యాయమే. అతని పరిస్థితి చూడండి. 568లో ఇటలీలోకి దిగిన లాంబార్డులు దేశాన్ని కొల్లగొడుతున్నారు. తాము ముప్పది ఐదు సంవత్సరాలుగా ఆ కత్తుల మధ్య బ్రతుకుతున్నామని ఫోకాస్‌కే మరొక లేఖలో అతడు వ్రాశాడు. రోము ప్రజలకు తిండి చూడవలసింది, సైనికుల జీతాల సంగతి చూడవలసింది, శత్రువుతో సంధి మాట్లాడవలసింది బిషప్పే. 595లో లాంబార్డులతో సంధికి అతడు చేసిన ప్రయత్నాన్ని మౌరీస్ ఎగతాళి చేసి, అతడొక అమాయకుడని వ్రాశాడు. అమాయకుడు అనే ఆ మర్యాదగల మాటకు అర్థం మూర్ఖుడనే అని గ్రెగొరీ బాధపడుతూ జవాబిచ్చాడు. దానికి తోడు కాన్‌స్టాంటినోపుల్ పాత్రియార్కు ‘సార్వత్రిక’ అనే బిరుదు వాడడంపై గ్రెగొరీ పోరాడుతుంటే మౌరీస్ తన పాత్రియార్కు పక్షమే వహించాడు. ఇన్ని గాయాలున్న మనిషికి ఆ మౌరీస్ పోయాడన్న వార్త ఊరటగా తోచి ఉండవచ్చు. ఫోకాస్‌కు వ్రాసిన లేఖలో కూడా స్తోత్రమే కాదు, విన్నపమూ ఉంది. బలవంతపు వీలునామాలు, బలవంతపు కానుకలు ఇక ఆగాలనీ, అన్యజనుల రాజులు బానిసలకు ప్రభువులైతే రోమా చక్రవర్తి స్వతంత్రులకు ప్రభువనీ అందులో గుర్తుచేశాడు. పొగడ్తలో చుట్టి ఇచ్చిన హితవు అది.

మనకు ఇది కొత్త విషయం కాదు. ఎన్నికల ఫలితాలు వచ్చిన మరునాడు పూలదండలతో, శాలువాలతో కొత్త నాయకుల వాకిళ్ళలో నిలబడే సేవకులకు కూడా సమాధుల స్థలమో, మందిరం కట్టుకొనేందుకు అనుమతియో, ఏదో ఒక నిజమైన అవసరం ఉంటుంది. గ్రెగొరీ అవసరం అంతకంటె పెద్దది.

అయినా గ్రెగొరీని గ్రెగొరీతోనే పోల్చాలి. 592 ప్రాంతంలో మౌరీస్ ఒక శాసనం చేశాడు. సైనికులు సేవాకాలం ముగియకుండా మఠాల్లో చేరకూడదని దాని సారాంశం. 593 ఆగస్టులో గ్రెగొరీ మౌరీస్‌కు వ్రాసిన లేఖ సంఘ చరిత్రలో నిలువదగినది. తాను ధూళిననీ పురుగుననీ తగ్గించుకొంటూనే, తీర్పు దినాన క్రీస్తు మౌరీస్‌ను ఏమని అడుగుతాడో వివరించాడు. లేఖకునిగా ఉన్న నిన్ను సేనాధిపతిని చేశాను, చక్రవర్తిని చేశాను, చక్రవర్తులకు తండ్రిని చేశాను, నా సేవకు వచ్చే సైనికులను నీవు ఎందుకు అడ్డుకొంటున్నావని. శాసనాన్ని ఆజ్ఞ ప్రకారం అన్ని చోట్లకు పంపాడు, దేవుని పక్షాన చెప్పవలసిందీ చెప్పాడు. అలా తన రెండు బాధ్యతలనూ నెరవేర్చానన్నాడు. మఠ ప్రవేశంపై ఆంక్ష పెట్టిన చక్రవర్తికి తీర్పు దినాన్ని చూపించిన కలం, కుటుంబం మొత్తాన్ని వధించిన చక్రవర్తికి దేవదూతల పాటను వ్రాసింది. మౌరీస్ కోపించవచ్చు గాని చంపడని గ్రెగొరీకి తెలుసు. ఫోకాస్ విషయంలో ఆ ధైర్యం ఎవరికీ లేదు. ఈ వ్యత్యాసమే నన్ను బాధిస్తుంది.

‘కాపరి ధర్మం’ రెండవ భాగంలో గ్రెగొరీ యెషయా 56:10ని ఎత్తి, మొరగలేని కుక్కలవంటి కాపరులను గద్దించాడు. మూడవ భాగంలో పాలకుల క్రింద ఉన్నవారు ఎలా నడచుకోవాలో చెబుతూ, గుహలో సౌలు వస్త్రపు అంచును కోసినందుకే దావీదు మనస్సు నొచ్చుకొన్న సంగతిని ఉదాహరించాడు (1 సమూయేలు 24). అదే దావీదు కథను ఇంకొంచెం ముందుకు చదవండి. సౌలు కిరీటాన్ని తెచ్చి తన కాళ్ళ దగ్గర పెట్టి బహుమానం ఆశించిన అమాలేకీయునికి దావీదు ఏమి చేశాడు (2 సమూయేలు 1)? సౌలు చేత గ్రెగొరీ కంటె ఎన్నో రెట్లు బాధింపబడినవాడు దావీదు. అయినా బట్టలు చింపుకొన్నాడు, సాయంకాలం వరకు ఉపవాసమున్నాడు, విలాప గీతం పాడాడు. రాజ్యాలను ఇచ్చేవాడు దేవుడే అన్న దానియేలు సత్యం దావీదుకు తెలియనిది కాదు. కాని దేవుడు అనుమతించినదానిని దేవుడు మెచ్చుకొన్నాడని అతడు అనుకోలేదు. యెహూ సంగతీ అంతే. అతనిని దేవుడే అభిషేకింపజేశాడు (2 రాజులు 9). అయినా యెజ్రెయేలులో అతడు చిందించిన రక్తానికి లెక్క అడుగుతానని హోషేయ ద్వారా దేవుడే పలికాడు (హోషేయ 1:4). రోమా 13వ అధ్యాయాన్ని గూర్చి ప్రసంగించేటప్పుడు ఈ వచనాన్ని ప్రక్కన పెట్టుకొంటే మంచిదని నా అభిప్రాయం.

గ్రెగొరీ 604 మార్చి 12న చనిపోయాడు. ఫోకాస్ పాలనలో తరువాత జరిగినదంతా చూడలేదు.

దేవాలయం తలుపు దగ్గర

మౌరీస్ భార్య కోన్‌స్తంతీన, ఆమె ముగ్గురు కుమార్తెలు బ్రతికే ఉన్నారు. ఆమె తిబెరియస్ చక్రవర్తి కుమార్తె. రాజవంశానికి మిగిలిన గుర్తు ఆమే గనుక కుట్ర చేసే ప్రతివాడూ ఆమె వైపు చూశాడు. అలాంటి ఒక కుట్ర సమయంలో ఆమె కుమార్తెలతో కూడ పరిశుద్ధ సోఫియా మహా దేవాలయంలో ఆశ్రయం తీసికొంది. వారిని ఈడ్చుకొని రమ్మని ఫోకాస్ మనుషులను పంపాడు. థియోఫనేస్ చెప్పినదాని ప్రకారం, ఆ స్త్రీలను బలవంతంగా బయటికి లాగడానికి పాత్రియార్కు కిరియాకస్ ఒప్పుకోలేదు. చక్రవర్తికి ఎదురు నిలిచాడు. వారికి హాని చేయనని ఫోకాస్ ప్రమాణం చేసిన తరువాతనే వారిని అప్పగించాడు. ఫోకాస్ వారిని ఒక మఠంలో ఉంచాడు.

ఇదే ఫోకాస్‌కు కిరీటం పెట్టిన చేయి అని మరువకూడదు. కిరియాకస్‌ను వీరునిగా చిత్రించడం నా ఉద్దేశం కాదు. అతడు గద్దింపు లేఖ వ్రాయలేదు, సంఘ బహిష్కారం విధించలేదు. పూర్వం మిలాను బిషప్పు అంబ్రోసు థియోదోసియస్ చక్రవర్తిని పశ్చాత్తాపానికి పిలిచినట్లు (390) పిలవలేదు. అతడు చేసినది చిన్న పని. నలుగురు ఆడవారు తన దేవాలయంలోకి వస్తే, సైనికులు వచ్చినప్పుడు ‘కాదు’ అన్నాడు. కాని ఆ ‘కాదు’ ఫోకాస్‌కు దూరంగా సముద్రానికి అవతల నుండి చెప్పింది కాదు, అతని రాజభవనానికి కూతవేటు దూరంలో చెప్పింది. దాని వలన ఆ స్త్రీలకు కొంతకాలం ప్రాణం మిగిలింది.

ఎంతో కాలం కాదు. మరొక కుట్రలో ఆమె పేరు, జెర్మానస్ పేరు బయటపడ్డాయి. 605–607 మధ్యలో కోన్‌స్తంతీనను ఆమె కుమార్తెలతో సహా చంపించాడు. మౌరీస్‌ను చంపిన ఆ కల్కెదోను రేవులోనే. జెర్మానస్‌నూ చంపించాడు. కిరియాకస్ 606 అక్టోబరులో మరణించాడు.

607 శాసనం

గ్రెగొరీ తన ప్రతినిధిగా ఫోకాస్ వద్దకు పంపిన బోనిఫేసు అనే పరిచారకుడు రాజధానిలో చక్రవర్తి అభిమానం సంపాదించి, 607 ఫిబ్రవరిలో బోనిఫేసు III పేరుతో పోపు అయ్యాడు. ఆ నవంబరులోనే మరణించాడు. ఈ కొద్ది నెలల్లో ఫోకాస్ నుండి అతడు పొందినదే ఆ ప్రసిద్ధ శాసనం. రోములోని పేతురు పీఠమే సకల సంఘాలకు శిరస్సని, కాన్‌స్టాంటినోపుల్ తానే మొదటిదని వ్రాసుకొంటున్నందున ఇది అవసరమైందని పోపుల జీవిత చరిత్రల సంపుటి చెబుతుంది.

పోపు అధికారం ఇక్కడే పుట్టిందనే పాత ప్రొటెస్టంట్ లెక్క చారిత్రకంగా నిలవదు. 533లోనే జస్టీనియన్ చక్రవర్తి రోము బిషప్పును సకల పరిశుద్ధ సంఘాలకు శిరస్సని సంబోధించాడు. ఫోకాస్ కొత్తగా ఇచ్చింది తక్కువ. కాన్‌స్టాంటినోపుల్ పాత్రియార్కులు దీని తరువాత కూడా తమ బిరుదును విడిచిపెట్టలేదు. కాబట్టి 606తో మొదలై 1866తో ముగిసే ఆ గీతలను మన బోధనలో వాడకపోవడమే మంచిది. గ్రెగొరీయే ‘సార్వత్రిక’ బిరుదు కోరేవాడు క్రీస్తు విరోధికి ముందు నడిచేవాడని వ్రాశాడు. ఆ వాక్యాన్ని మన ప్రొటెస్టంట్ పితరులు పోపులపైనే ప్రయోగించడం వేరే కథ.

నాకు ముఖ్యమనిపించేది శాసనం ఎంత గొప్పదన్నది కాదు, అది ఎప్పుడు వచ్చిందన్నది. ఒక పీఠం నుండి చక్రవర్తికి స్తోత్రం వెళ్ళింది, రెండవ పీఠపు తలుపు దగ్గర అతనికి అడ్డు తగిలింది. అనుగ్రహం స్తోత్రం వెళ్ళిన చోటికి వచ్చింది. కిరియాకస్ మీద కోపంతోనే ఫోకాస్ ఇలా చేశాడని పూర్వపు కతోలిక చరిత్రకారులు కూడా భావించారు. దానికి సూటి సాక్ష్యం లేదు గాని, ఊహకు దూరమైనదీ కాదు. ఆ తరువాతి బోనిఫేసు IVకు ఫోకాస్ రోములోని పాంథెయోనును ఇచ్చాడు. సకల దేవతల గుడిగా పేరుపడ్డ ఆ కట్టడాన్ని 609లో మరియ పేరిట, హతసాక్షుల పేరిట దేవాలయంగా ప్రతిష్ఠించారు. ఆ గుమ్మటం ఈనాటికీ చెక్కుచెదరకుండా నిలిచి ఉండడానికి అది దేవాలయం కావడం ఒక ప్రధాన కారణం. కాబట్టి అపహర్త చేతినుండి వచ్చినదంతా చెడ్డదనడానికి లేదు. చరిత్ర అంత సులభంగా మన చేతికి చిక్కదు.

అంతం

తూర్పున ఖుస్రూ తన ఉపకారి మౌరీస్ రక్తానికి పగ తీర్చుకొంటానని 603లో యుద్ధం ప్రకటించాడు. మౌరీస్ వధను దగ్గరుండి జరిపించిన లిలియస్‌నే ఫోకాస్ రాయబారిగా పంపగా, ఖుస్రూ అతనిని బంధించాడు. థియోదోసియస్ చనిపోలేదంటూ ఒక మనిషిని వెంట తిప్పుకొన్నాడు. పారసీకులను భయపెట్టగలిగిన సేనాధిపతి నర్సేస్ ఎదెస్సాలో ఫోకాస్‌పై తిరగబడ్డాడు. ప్రాణానికి అభయమిచ్చి రప్పించి, రాజధానిలో సజీవ దహనం చేయించాడు ఫోకాస్. కోన్‌స్తంతీనకు చేసిన ప్రమాణం ఎలాంటిదో ఈ అభయమూ అలాంటిదే. దారా కోట పోయింది, తరువాత ఎదెస్సా పోయింది. ఆ యుద్ధం 628 వరకు ఆగలేదు. 614లో యెరూషలేము పారసీకుల చేతికి చిక్కింది.

సొంత అల్లుడు ప్రిస్కస్ కూడా అతనిని నమ్మలేకపోయాడు. కుమార్తె వివాహపు సంబరాల్లో జట్లవారు చక్రవర్తి పటాల ప్రక్కన వధూవరుల పటాలు పెట్టినందుకు ఫోకాస్ మండిపడ్డాడు. అప్పటినుండి ప్రిస్కస్ కార్తేజి అధిపతి హెరాక్లియస్‌తో రహస్యంగా ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపాడు. 608లో కార్తేజి తిరగబడింది. ఐగుప్తు నుండి ధాన్యం ఆగింది. తనను ఎత్తిన పచ్చ జట్టే పందెపు మైదానంలో అతని త్రాగుడును ఎగతాళి చేసింది. 610 అక్టోబరు 3న కార్తేజి అధిపతి కుమారుడు, చిన్న హెరాక్లియస్ నౌకలతో రాజధాని ఎదుటికి వచ్చాడు. రెండు రోజుల తరువాత ఫోకాస్‌ను రాజవస్త్రాలు ఊడదీసి పడవలో అతని ముందుకు తెచ్చారు. రాజ్యాన్ని ఇలాగేనా ఏలావని హెరాక్లియస్ అడిగితే, నీవు ఇంతకంటె బాగా ఏలుతావా అని ఫోకాస్ ఎదురు ప్రశ్న వేశాడని చెబుతారు. అక్కడే అతనిని చంపారు. శరీరాన్ని నగరంలో ఈడ్చి కాల్చారు. ఆ రోజే పాత్రియార్కు సెర్గియస్ హెరాక్లియస్‌కు కిరీటం పెట్టాడు. సింహాసనం మరొకసారి బలంతోనే చేతులు మారింది, సంఘం మరొకసారి ఆశీర్వదించింది.

రోములో, పురాతన ఫోరంలో, 608 ఆగస్టు 1న ఇటలీ అధిపతి స్మరాగ్దస్ ఫోకాస్ గౌరవార్థం ప్రతిష్ఠించిన స్తంభం ఇప్పటికీ నిలిచి ఉంది. ఆ స్తంభం ఫోకాస్ కోసం చేసినది కాదు, పాత స్తంభాన్నే తిరిగి వాడారు. ఫోకాస్ పడిపోయిన తరువాత అడుగున ఉన్న శాసనంలోనుండి అతని పేరును చెక్కివేశారు. 1813లో పీఠం చుట్టూ త్రవ్వినప్పుడు ఆ శాసనం బయటపడింది. గ్రెగొరీ లేఖలు మాత్రం ఎవరూ చెక్కివేయకుండానే మనదాకా వచ్చాయి. సంఘ చరిత్ర చదివే విద్యార్థులు అతని లేఖల సంపుటిలో 3వ పుస్తకంలో మౌరీస్‌కు వ్రాసిన లేఖను, 13వ పుస్తకంలో ఫోకాస్‌కు వ్రాసిన లేఖను ఒకే రోజున, ఒకదాని వెంట ఒకటిగా చదవాలని నా కోరిక. రెండింటి మధ్య దాదాపు పది సంవత్సరాలు ఉన్నాయి.